నిద్రకు ఐదు మార్కులు

మా ఊరు నోర్రెక్లిట్‌లో ఎవరినైనా ఎలా ఉన్నావని అడిగితే “పర్లేదు” అంటారు. జ్వరంతో మూలుగుతున్నా అదే మాట, లాటరీ తగిలినా అదే మాట. మా పెళ్ళినాడు చర్చి మెట్ల మీద, పెళ్ళికూతురు ఎలా ఉందిరా అని మేనమామ అడిగితే, మా ఆయన లౌస్ట్ నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి “పర్లేదు” అన్నాడు. నేను పొంగిపోయాను. జట్‌లాండ్ పడమటి ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని, నలుగురిలో ఆ మాట అనడానికి ఆయనకు ఎంత గుండె కావాల్సి వచ్చిందో నాకు తెలుసు. అదే రాజధాని కోపెన్‌హేగన్ పిల్లయితే అక్కడికక్కడే ఉంగరం తీసి మొహాన కొట్టి రైలెక్కేది.

ఆ కోపెన్‌హేగన్ నుంచే వచ్చింది ఫ్రెడరిక్కె. ముప్పై నిండని డాక్టరు. నోరు తెరిస్తే చేతులు రెండూ గాల్లోనే ఉంటాయి. నిద్ర మీద పరిశోధన చేస్తోంది. తలకు ఒక పట్టీ కట్టి, అందులో రెండు తడి స్పాంజీలు పెట్టి, చిన్న బ్యాటరీ నుంచి సన్నగా కరెంటు పంపిస్తే మెదడు నిదానిస్తుందట, మనిషి గాఢంగా నిద్రపోతాడట. సూది లేదు, కోత లేదు, మాత్ర లేదు. పడుకోబోయే ముందు అరగంట పెట్టుకుని తీసేయడమే. ఆ పట్టీ ఇంకా బజారులోకి రాలేదు, ఎంత పోసినా దొరకదు. మా మీద పరీక్షించి, పనిచేస్తుందని తేలితే అప్పుడు చూస్తారట.

మమ్మల్నే ఎందుకు ఎంచుకుందంటే, మాది చేపలు పట్టేవాళ్ళ ఊరు. తాతల కాలం నుంచి అర్ధరాత్రి లేచి సముద్రం మీదికి పోయిన జనం. వేట మానేసినవాళ్ళు కూడా ఆ వేళకే లేచి కూర్చుని గోడకేసి చూస్తూ ఉంటారు. “ఇంత చెడిపోయిన నిద్ర దేశం మొత్తం మీద ఇంకెక్కడా లేదు” అని మొదటి సమావేశంలో ఆ పిల్ల ఎంతో సంబరంగా చెప్పింది. మా వాళ్ళు దాన్ని మెప్పుగానే తీసుకున్నారు. ఒకరిద్దరు సిగ్గుపడ్డారు కూడా.

రేవు దగ్గర నాకొక సెలూన్ ఉంది. ఆడా మగా అందరి తలలూ నా చేతిలోనే ఉంటాయి. స్పాంజి జుట్టుకు కాదు, చర్మానికి తగలాలట. అందుకని పట్టీ ఎలా కట్టుకోవాలో నేర్పే పని ఫ్రెడరిక్కె నాకు అప్పగించింది. నిద్రకు లోటు లేనిదాన్ని కాబట్టి పరీక్షలో మాత్రం నా పేరు లేదు. పక్కింటి మారెన్ పిన్ని ముందురోజే జుట్టు ఉంగరాలు తిప్పించుకుంది. ఆ ఉంగరాల మధ్య నేను పాయ తీస్తుంటే ప్రాణం తీస్తున్నట్టు మూలిగింది. గ్రామ సంఘం ప్రెసిడెంటు ఐగిల్‌ది బట్టతల, ఆయనతో ఏ తంటా లేదనుకున్నాను. స్పాంజీలు ఉప్పునీళ్ళలో తడపాలని చెప్పి సీసా చేతిలో పెడితే, ఉప్పునీళ్ళకు మనకేం కరువని ఆ సీసా అలమరలో దాచి, రేవులో ముంచుకున్నాడు. చాలా రోజులపాటు ఆ మనిషి తల దగ్గర హెర్రింగ్ చేపల కంపు. వీధిలో పిల్లులు వెంటపడేవి. అయినా నిద్ర పట్టిందట.

నాకు మాత్రం ఈ వ్యవహారం నవ్వులాట కాదు. ఎందుకంటే లౌస్ట్ సరిగ్గా నిద్రపోయి రెండేళ్ళయింది.

ఆయనకో బోటు ఉండేది. పేరు కారెన్ లీసె. ఆ కారెన్ లీసె ఎవరో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. బోటు అమ్మినవాడి అత్తో అమ్మమ్మో అయ్యుంటుంది. పేరు మారిస్తే కీడని అలాగే ఉంచేశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో నా పక్కన కంటే ఆవిడ దగ్గరే ఎక్కువ రాత్రులు గడిపావని నేను దెప్పేదాన్ని. ఇంతలో చిన్న బోట్లకు కాలం చెల్లింది. చేపలు పట్టే హక్కును ఎవరో పెద్ద కంపెనీవాళ్ళు కొనుక్కున్నారు, బోటును మాత్రం ఎవరూ కొనలేదు. తుక్కువాళ్ళు వచ్చి ముక్కలుగా కోసి లారీలో వేసుకుపోయారు. లౌస్ట్ ఒడ్డున నిలబడి ఆఖరి ముక్క దాకా చూసి, ఇంటికొచ్చి, రై రొట్టె మీద లివర్ ముద్ద రాసుకుని తిన్నాడు. ఎలా ఉందని అడిగాను. ఏమన్నాడో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అప్పటి నుంచి రాత్రుళ్ళు వెల్లకిలా పడుకుని కళ్ళు తెరుచుకుని ఉంటాడు. దొర్లడు, నిట్టూర్చడు, దీపం వెయ్యడు. ఏం ఆలోచిస్తున్నావంటే ఏం లేదంటాడు. ఊళ్ళో డాక్టరు మాత్రలిస్తే రాత్రంతా మేలుకుని పగలంతా తూలాడు. చేపల వేలం షెడ్డులో పెట్టెలు మోసే బండి నడిపే ఉద్యోగం దొరికింది. ఒకనాడు స్టీరింగు పట్టుకునే కునికిపాటు పడి, బండిని తిన్నగా రేవు అంచుదాకా తోలాడు. ముందు చక్రాలు గాల్లో, కింద నీళ్ళు. ఎవరో చూసి కేకెయ్యబట్టి బతికాడు. ఇంకోసారి ఇలా చేస్తే రానక్కర్లేదని షెడ్డు మేనేజరు చెప్పాడు. నా బెంగ ఉద్యోగం గురించి కాదు. ఇంకోసారి కేకేసేవాడు అక్కడ లేకపోతే ఏమిటన్నదే నా బెంగ. పని మానెయ్యమంటే, నీ సెలూన్‌లో రాలిన జుట్టు ఊడుస్తూ కూర్చోనా అన్నాడు. అందుకే ఫ్రెడరిక్కె మొదటి సమావేశంలో పేర్లు అడగ్గానే ఆయన చెయ్యి నేనే పట్టుకుని పైకెత్తాను.

ఆ పిల్ల మమ్మల్ని అడిగింది ఒక్కటే. రోజూ పొద్దున లేవగానే, రాత్రి నిద్ర ఎలా పట్టిందో పదికి ఎన్ని మార్కులో ఫోన్‌లో పంపాలి. పట్టీ కట్టకముందు కొన్నాళ్ళు, కట్టాక కొన్నాళ్ళు. ఆ రెండింటికీ తేడా చూసుకుంటుంది. చంటిపిల్లలు కూడా చేయగల పని. మా వాళ్ళకు మాత్రం అది మెడకు గుదిబండ అయింది.

ఎందుకంటే మార్కులు వెయ్యడమంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. తొమ్మిదంటే గొప్పలు పోతున్నాడంటారు. రెండంటే ఏడుపుగొట్టు మొహం అంటారు. ఈ బాధ పడలేక మారెన్ పిన్ని మొదటి పొద్దునే కంచె మీదుగా అవతలి పక్కింటావిడను నువ్వెంత వేశావని అడిగింది. ఆవిడ ఐదంది. పిన్నీ ఐదేసింది. అలా ఆ కంచె నుంచి ఈ కంచెకు ఐదు ఊరంతా తిరిగి, చివరికి గ్రామ సంఘం నెలవారీ సమావేశంలోకి వచ్చి కూర్చుంది. సంఘంలో చర్చించకుండా మా ఊళ్ళో ఆకు కూడా రాలదు. కాఫీ తాగారు, రమ్ కేకు తిన్నారు, మళ్ళీ కాఫీ తాగారు. ఒకడు ఎక్కువ నిద్రపోయాననీ ఇంకొకడు తక్కువ నిద్రపోయాననీ చెప్పుకోవడం ఊరి మర్యాదకు తగదనీ, ఐదైతే అటు డాంబికమూ కాదు ఇటు ఏడుపూ కాదనీ ఐగిల్ వివరించాడు. సమ్మతమైనవాళ్ళు చేతులెత్తమన్నాడు. అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను. ఎత్తకుండా ఒక్కదాన్నే కూర్చుంటే నాకేదో గొప్ప అనుకోరూ?

పట్టీ కట్టిన మొదట్లో లౌస్ట్‌లో ఏ మార్పూ కనబడలేదు. ఇదీ గాడిద గుడ్డే అనుకున్నాను. తర్వాత ఒక పొద్దున నేను కిందికి దిగి కాఫీ కాస్తుంటే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందనిపించింది. ఎప్పుడూ నాకంటే ముందే కిటికీ దగ్గర కూర్చుని ఉండే మనిషి అక్కడ లేడు. పైకి పరిగెత్తాను. మంచం మీద కదలకుండా పడి ఉన్నాడు, నోరు తెరిచి. పోయాడే అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. ముక్కు కింద చెయ్యి పెట్టేలోపే గురక పెట్టాడు. అంత అందమైన గురక నేను ఎన్నడూ వినలేదు. మెట్ల మీద కూలబడి, కాఫీ మాడిపోయేదాకా ఏడ్చాను.

ఆయన ఎండెక్కాక దిగివచ్చాడు, చెంప మీద దిండు ముడతలతో. ఎలా పట్టింది నిద్ర అన్నాను. పర్లేదన్నాడు. అని ఫోన్ తీసి, నా కళ్ళముందే ఐదు వేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఐదేంటి? మేలుకున్నా ఐదే, నిద్రపోయినా ఐదేనా? నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదా నీకు?”

“అందరూ ఐదే వేస్తున్నారు.”

“అందరి సంగతి నాకెందుకు? నువ్వు మొద్దులా నిద్రపోయావు. నేను చూశాను.”

“నువ్వూ చెయ్యెత్తావుగా,” అన్నాడు, రొట్టె కోసుకుంటూ.

జవాబు లేనప్పుడు నేను గిన్నెలు గట్టిగా పెడతాను. ఆ పొద్దున చాలా గిన్నెలు పెట్టాను.

ఆ తర్వాత నెల దాటినా లౌస్ట్ రోజూ నిద్రపోతూనే ఉన్నాడు. మొహం తేటపడింది. బండి తిన్నగా నడుపుతున్నాడు. ఓసారి భోజనాల దగ్గర నవ్వాడు కూడా, ఎందుకో నాకు తెలియదు, అడిగితే మానేస్తాడని అడగలేదు. సెలూన్‌లో కూర్చున్న ప్రతి తలా అదే కథ చెప్పేది, మా ఊరి పద్ధతిలో, డొంకతిరుగుడుగా. రాత్రి గాలివానకు చర్చి పైకప్పు రేకు లేచిపోతే తనకు పొద్దున దాకా తెలియనే లేదని మారెన్ పిన్ని అంది. మరి ఎన్ని వేశావు పిన్నీ అంటే, నువ్వు జుట్టు చూడవే ముందు అంది. ఐగిల్ అయితే ఆదివారం ప్రార్థన మొత్తం మెలకువగా విన్నాడట, ముప్పై ఏళ్ళలో మొదటిసారి. పాస్టరు మరీ అంత బాగా ఏం చెప్పడని ఇప్పుడే తెలిసిందన్నాడు. ఆయనా ఐదే.

శరదృతువు చివర్లో ఒక మధ్యాహ్నం ఫ్రెడరిక్కె నా సెలూన్‌లోకి వచ్చి, తడిసిన కోటుతోనే కుర్చీలో కూలబడింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులు కదలకుండా ఉండటం చూసి ఏదో కొంప మునిగిందనుకున్నాను.

“పనిచెయ్యలేదు డాగ్నీ గారూ,” అంది. “కొంచెం కూడా పనిచెయ్యలేదు. పట్టీ కట్టకముందు అందరూ ఐదు. కట్టాక అందరూ ఐదు. ఒక్కరికి కూడా వెంట్రుకవాసి తేడా లేదు. శుక్రవారం పట్టీలన్నీ తీసుకుని వెళ్ళిపోతున్నాను.”

శుక్రవారం అంటే మూడు రోజులు. పట్టీ పోతే లౌస్ట్ మళ్ళీ వెల్లకిలా, కళ్ళు తెరుచుకుని. మళ్ళీ ఆ బండి, ఆ రేవు అంచు.

వీళ్ళంతా పచ్చి అబద్ధాలకోరులమ్మా, పందుల్లా నిద్రపోతున్నారు అని మొత్తం కక్కేశాను. కంచెలు, రమ్ కేకు, చేతులెత్తడం, అన్నీ. ఆ పిల్ల నోరు వెళ్ళబెట్టి విన్నది. మార్కుల మీద ఓటేశారా అని రెండుసార్లు అడిగింది. ఓటేశాం, ఒక్కరూ వ్యతిరేకించలేదు అన్నాను. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అంతుపట్టలేదు. ఒకరి నిద్ర గురించి ఇంకొకరు చెబితే పనికిరాదనీ, వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పాలనీ అంది. సరే, అయితే చెప్పిద్దాం పద అని ఐగిల్‌కు ఫోన్ చేసి, మర్నాడు సాయంత్రానికి గ్రామ సంఘం హాలు తెరిపించాను.

ఊరంతా వచ్చింది. వెచ్చగా ఉంటుంది, కాఫీ ఇస్తారు, ఎందుకు రారు? ఫ్రెడరిక్కె నిలబడి, చేతులు మళ్ళీ గాల్లోకి లేపి, పట్టీలు వెనక్కి పోతున్నాయనీ, పరీక్ష మూసేస్తున్నారనీ, దీనివల్ల ఎవరికైనా మేలు జరిగి ఉంటే దయచేసి ఇప్పుడైనా చెప్పమనీ బతిమాలింది. హాల్లో చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది. ఐగిల్ గొంతు సవరించుకుని, మరీ చెడ్డగా ఏం లేదమ్మా అన్నాడు. మారెన్ పిన్ని చేతిసంచీలో ఏదో తీవ్రంగా వెతకడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు తమ బూట్లు తామే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నారు. ఇంకెవరైనా అని ఫ్రెడరిక్కె అడిగింది. ఇంకెవరూ లేరు.

ఈ మొండి జనాన్ని, వాళ్ళ తాత ముత్తాతలతో సహా కడిగిపారేద్దామని లేవబోయాను. పక్కనుంచి లౌస్ట్ నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టి, తను లేచాడు.

లౌస్ట్ లేవడం చూసి కిటికీ తెరవడానికేమో అనుకున్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. ఆయన కుర్చీ వీపు రెండు చేతులతో పట్టుకుని, ఎదురుగోడ మీది పాత పడవ బొమ్మకేసి చూస్తూ మొదలుపెట్టాడు.

“నేను రాత్రుళ్ళు కారెన్ లీసె దగ్గరికి వెళతాను,” అన్నాడు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఆగలేదు.

“బోటు ముక్కు నుంచి మొదలుపెడతాను. మోకులు చూస్తాను. వలలు చూస్తాను. మూతలు బిగించానో లేదో చూస్తాను. తర్వాత చుక్కాని గది. తర్వాత కిందికి దిగి ఇంజను. ఆఖర్న అడుగున నీళ్ళు తోడే పంపు. అన్నీ చూసుకుని పైకొస్తే, మోకు వదులైందేమో అనిపిస్తుంది. మళ్ళీ మొదట్నుంచీ చూస్తాను. తెల్లారేదాకా అదే పని. బోటు లేదని నాకు తెలుసు. కోస్తుంటే అక్కడే ఉన్నాను. కానీ చూడకపోతే మునిగిపోద్దేమోనని భయం.”

రెండేళ్ళు నేను ఆ మనిషి పక్కనే పడుకున్నాను. ఆయన అక్కడ ఒంటరిగా, లేని బోటును కాపలా కాస్తున్నాడు. నాకు తెలియనే తెలియదు. ఏం ఆలోచిస్తున్నావని అడిగి, ఏం లేదంటే అటు తిరిగి పడుకున్నాను.

“ఈ అమ్మాయి ఇచ్చిన పట్టీ కట్టుకుంటే చుక్కాని గదిదాకా వెళతాను,” అన్నాడు లౌస్ట్. “అంతే. తెల్లారిపోతుంది. కింద డాగ్నీ కాఫీ కాస్తూ పొయ్యిని తిడుతుంటుంది. పెళ్ళయ్యాక ఎప్పుడూ తనకంటే వెనక లేవలేదు నేను. అంత తిడుతుందని తెలియదు.” చెవులు ఎర్రగా కందిపోయాయి. “పడుకుని అది వినడం బాగుంది. చాలా బాగుంది. పదికి పది.”

కూర్చున్నాడు. చెమటలు పట్టేశాయి ఆయనకు. ఒక మగాడు నలుగురి ఎదుట నిలబడి “చాలా బాగుంది” అనడం నోర్రెక్లిట్‌లో నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. నేను బహిరంగంగా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఎవరేమనుకుంటే నాకేం?

చాలాసేపటికి మారెన్ పిన్ని సంచీ మూసింది.

“నాదీ,” అంది నేలకేసి చూస్తూ, “ఆరు ఉంటుందేమో.”

ఐగిల్ బట్టతల తడుముకున్నాడు. తనది ఆరున్నర అనుకోవచ్చన్నాడు. వెనక వరసలో ఎవరో ఏడన్నారు, అని వెంటనే దగ్గారు. అంతే, కట్ట తెగింది. ఏడున్నరలు, ఎనిమిదులు వచ్చిపడ్డాయి. ఇద్దరు అన్నదమ్ములైతే ఎవరి నిద్ర గాఢమైందని వాదులాటకు దిగారు. ఎనిమిదిన్నర దగ్గర ఐగిల్ లేచి, ఊరు చెయ్యి దాటిపోతోందనీ, మళ్ళీ ఓటింగు పెడదామనీ అన్నాడు. నేను కూర్చోమన్నాను, కొంచెం గట్టిగానే.

ఫ్రెడరిక్కె కళ్ళు తుడుచుకుని, లౌస్ట్ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత చెప్పింది అసలు సంగతి. ఇదంతా విన్నందుకు చాలా సంతోషం, కానీ లెక్కలో వేసుకోవడానికి వీల్లేదట. పట్టీలు పోతాయని తెలిశాక వేసిన మార్కులు మార్కులు కావట. నోరు మూసుకుంటే తప్పు, తెరిచినా తప్పేనా అని నేను విరుచుకుపడ్డాను. ఆ పిల్ల బెదరలేదు, అందుకు మెచ్చుకోవాలి. నేను మీలా ఓటేసి సైన్సు చెయ్యలేను డాగ్నీ గారూ అంది. వసంతంలో ఆసుపత్రిలో కొత్త పరీక్ష మొదలవుతుందట. అందులో మనిషిని ఏమీ అడగరట, నిద్రను యంత్రమే కొలుచుకుంటుందట. మా ఊరివాళ్ళకు మొదటే ఈ ఏర్పాటు చేసి ఉండాల్సింది అంది. అయితే లౌస్ట్ పేరు రాసుకో అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఒక పరీక్షలో ఉన్నవాళ్ళను రెండోదానికి తీసుకోరు.

శుక్రవారం పట్టీలన్నీ ఒక చేపల పెట్టెలో వేసుకుని వెళ్ళిపోయింది. లౌస్ట్ తన పట్టీని శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి, తనే తీసుకెళ్ళి ఇచ్చాడు. దారిలో ఇద్దరు ముగ్గురు ఆయన్ని చూసి టోపీ తాకి తలవంచారు. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. ఇంటికొచ్చి, సభలో మరీ ఎక్కువ మాట్లాడేశానని నాతో అన్నాడు. అవును, ఇంకా మాట్లాడు అన్నాను.

ఆ రాత్రి అనుకున్నట్టే వెల్లకిలా పడుకున్నాడు, కళ్ళు తెరుచుకుని. దిండు మీద తల పెట్టగానే నిద్రపోయే మనిషిని నేను. ఆ రాత్రి మాత్రం అటు తిరిగి పడుకోలేదు. ఏం ఆలోచిస్తున్నావని కూడా అడగలేదు.

“ఎక్కడున్నావు?” అన్నాను.

“ముక్కు దగ్గర,” అన్నాడు.

“నన్నూ తీసుకెళ్ళు.”

తీసుకెళ్ళాడు. ముప్పై ఏళ్ళు ఆ బోటు నాకు సవతి. ఒక్కసారి కూడా దాని లోపలికి దిగి చూడలేదు. ఏ మోకు ఎక్కడ కడతారో, ఏ మూత బిగుసుకుపోతే ఎలా తన్నాలో, చుక్కాని గదిలో ఏ దీపం మినుకుమంటుందో, అన్నీ చెప్పాడు. అంత మాట్లాడగలడని నాకు తెలియదు. ఇంజను దగ్గరికి దిగాం. దాని దగ్గు ఎలా ఉంటుందో చేసి చూపించాడు. తర్వాత పంపు దగ్గరికి వచ్చాం. ఈ పంపుతో ఒక చిక్కుంది డాగ్నీ అన్నాడు. ఏమిటది అన్నాను. జవాబు లేదు. చూస్తే నిద్రపోయాడు.

అప్పటి నుంచి రోజూ ఇదే వరస. రోజూ నన్ను బోటంతా తిప్పుతాడు, పంపు దగ్గరికి వచ్చేసరికి గురక పెడతాడు. పొద్దున అడిగితే పంపుకేం, బాగానే ఉంది అంటాడు, రొట్టె నములుతూ. ఆయన మొహం మళ్ళీ తేటగా ఉంది. షెడ్డులో బండి తిన్నగా పోతోంది. నాకు మాత్రం కంటి మీద కునుకు లేదు. అడుగున నీళ్ళు చేరుతున్నాయో ఏమో, పంపు తిరుగుతోందో ఏమో అని వింటూ పడుకుంటాను. అది తుక్కయిపోయిందని నాకూ తెలుసు, ఆ మాట నాకు చెప్పనక్కర్లేదు.

నిన్న ఫ్రెడరిక్కెకు ఫోన్ చేసి, వసంతంలో పరీక్షకు నా పేరు రాసుకోమన్నాను. మీకేమైంది, మీరు హాయిగా నిద్రపోతారుగా అంది. జరిగిందంతా చెప్పాను.

“ఆయన్ని లేపి పంపు సంగతి అడగొచ్చుగా,” అంది చివరికి.

పిచ్చిపిల్ల. రెండేళ్ళ తర్వాత నిద్రపోతున్న మనిషిని ఎలా లేపను?